పెంచలి ముడి

గుర్రానికున్న విలువ మనిషికి లేని కాలంలో, ఉప్పుటేటి ఒడ్డున ఒక కోట ఉండేది. కోటలో ఒక పాళెగాడు, పాళెగాడికి అరవై గుర్రాలు, ఆ గుర్రాలకు ఒక వైద్యుడు. ఆయన పేరు ఔబళయ్య.

ఔబళయ్య చెయ్యి పడితే కుంటి గుర్రం దౌడు తీసేదట. ఆయన దగ్గర తాతలనాటి తాళపత్రాలుండేవి. గుర్రపుసాల వెనక ఆయన తాత పెట్టించిన మూడు రాతి తొట్లుండేవి. వాటి నిండా డెక్కలు కడిగే మందునీళ్ళు. ఏవో వేళ్ళు నానేసి నలభై రోజులు కదపకూడదు. "నీరు ముదిరితేనే మందు" అనేవాడు ఔబళయ్య. తొట్టి ఒలకబోసినవాడికి కొరడా దెబ్బలే.

ఆ సాలలో పేడ ఎత్తే ముసలిది పెంచలి. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, ఉన్న కాస్త జ్ఞాపకమూ జారిపోతూ ఉంది. చీపురు చేత్తో పట్టుకుని చీపురు కోసం వెతికేది. అందుకని నడుముకు ఒక కొబ్బరితాడు చుట్టుకుని, మరవకూడనిదల్లా ముడేసుకునేది.

"ఏమే పెంచలవ్వా, పొద్దున అంబలి తాగినట్టు ముడేశావా?" అని సాలవాళ్ళు ఏడిపించేవాళ్ళు.

"వేశాను నాయనా. నువ్వు పోస్తానన్న అంబలికి కూడా వేశాను. ఎప్పుడు పోస్తావు?" అనేది పెంచలి.

ఆ కోటకు ఏటా వానలు తగ్గుముఖం పట్టాక ఒక తెగులు వచ్చేది. గుర్రాలు తూలి పడేవి. మనుషులకు జ్వరం తలకెక్కి మెడ బిగుసుకునేది. కొందరు లేచేవాళ్ళు, కొందరు లేచేవాళ్ళు కాదు. గుర్రం ఊపిరి మనిషికి సోకిందన్నాడు ఔబళయ్య. అందరూ అవునన్నారు. తూలిన గుర్రాన్ని ఊరవతలికి తోలి చంపేవాళ్ళు.

అలా మూడు వానాకాలాలు పోయాయి. నాలుగో ఏడు కాకులు చచ్చి రాలడం మొదలైన రోజుల్లో పాళెగాడు సాలకు వచ్చాడు. పెంచలి నడుము చూసి నవ్వాడు.

"అవ్వా, ఇదేం మొలతాడు?"

"మొలతాడు కాదు దొరా, నా బుర్ర. లోపలిది పనిచెయ్యడం లేదని బయట కట్టుకున్నా." తాడు విప్పి చూపించింది. "చిన్న ముడి కాకి రాలిన రోజు. పెద్ద ముడి గుర్రం తూలిన రోజు. గుడ్డపేలిక మనిషి పడిన రోజు. మూడేళ్ళూ చూడండి. ఉత్తరాది కొంగలు దిగుతాయి, తరవాత మన కాకులు రాలతాయి, ఆ తరవాతే గుర్రమూ మనిషీ. గుర్రాన్ని ఎన్నడూ ముట్టని ఉప్పుమళ్ళవాళ్ళకూ పేలిక పడింది. తప్పు గుర్రానిది కాదు దొరా."

పాళెగాడు తాడును వేళ్ళతో తడిమాడు. అందరి ముందూ అడిగాడు. "ఔబళయ్యా, మీ తాళపత్రాల్లో ఈ ముక్క ఉందా?"

లేదు. దొర చేతిలో తాడును ఔబళయ్య చూశాడు. కడుపు రగిలింది. పైకి నవ్వాడు.

"మరి కాకి నుంచి గుర్రానికి ఎవరు మోస్తున్నారవ్వా?" అన్నాడు పాళెగాడు.

"ఆ ముడి ఇంకా పడలేదు దొరా. మూడు గుర్రాలివ్వండి, చూసి చెబుతా."

ఔబళయ్య పాతికేళ్ళు కొలువు చేశాడు. ఏ గుర్రానికి మందు పెట్టాలన్నా దొర సెలవు అడగాలి. పేడ ఎత్తేదానికి మూడు గుర్రాలు ఇచ్చేశాడు దొర! చూశాడు. కడుపు రగిలింది. పైకి నవ్వాడు.

పెంచలి ఇల్లిల్లూ తిరిగి పాతచీరలు అడుక్కొచ్చింది. ఆమె అనుమానం దోమల మీద. అవి దూరకుండా రెండు గుర్రాలకు తెరలు కుట్టింది. మూడోదానికి గుడ్డ చాలలేదు. పిడకల పొగ వేసింది. తెరల్లోవి రెండూ నిలబడ్డాయి. నాలుగు రోజుల జల్లుకు పొగ ఆరింది. వారం దాటాక మూడోది తూలింది. దాని మెడ పట్టుకుని పెంచలి ఏడ్చింది. ఏడుస్తూనే ముడేసింది.

తరవాత ఒక ముంత పట్టుకుని ఔబళయ్య దగ్గరికి వచ్చింది. ముంత మూతికి పల్చటి గుడ్డ కట్టి ఉంది. లోపల జుయ్యిమంటోంది.

"అయ్యా, ఇవి మీ తొట్టి నీళ్ళే. ముంచినప్పుడు తోకపురుగులు ఆడుతున్నాయి. అవే రెక్కలొచ్చి దోమలయ్యాయి. కాకి నెత్తురు తాగిన నోటితోనే గుర్రాన్నీ మనిషినీ కుడుతున్నాయి. తొట్లు బోర్లించాలయ్యా." గొంతు తగ్గించింది. "దొరకు నేను చెప్పలేదు. మీ తాతగారి తొట్లు, మీ నోటితో మీరే చెప్పుకోండి. పేరు మీకే దక్కనీండి."

అది దయ. ఆ దయే ఔబళయ్యను కాల్చింది. తన పరువు ఒక పేడముసలి ముంతలో పెట్టి తనకు దానం ఇస్తోంది! చూశాడు. కడుపు రగిలింది. పైకి నవ్వి, "చెబుతాలే" అన్నాడు.

మర్నాడు పెంచలి తాడు కొయ్యకు తగిలించి స్నానానికి పోయింది. ఔబళయ్య ఆ తాడు తీశాడు. చిన్న ముడి విప్పాడు, పెద్ద ముడి విప్పాడు, పేలికలు పీకాడు. నున్నటి తాడు మళ్ళీ కొయ్యకే తగిలించాడు.

పెంచలి వచ్చి తాడు తడిమింది. ఈ కొస నుంచి ఆ కొసకు తడిమింది. మళ్ళీ తడిమింది.

"అయ్యా, మీకు నేనేదో చెప్పాను కదూ?"

"నువ్వేం చెప్పావే?"

"ఏదో ముంత..." నుదురు కొట్టుకుంది. "కట్టాననుకున్నా. కట్టలేదు కాబోలు."

ఔబళయ్యకు ఆ రోజు అన్నం రుచించింది. మర్నాడు రుచించలేదు. ముసలిది సాలలో కూర్చుని, ఎవరు కనబడినా అదే మాట అడిగేది. "నాయనా, నేను కట్టానా, కట్టలేదా?" వాళ్ళు నవ్వేవాళ్ళు. తొట్లలో నీళ్ళు ముదురుతూనే ఉన్నాయి.

ఇంకో పది రోజులకు అయిదు గుర్రాలు తూలాయి. తరవాత పెంచలి పడింది. మెడ బిగుసుకుంది. ఔబళయ్య మందు నూరి పట్టుకెళ్ళాడు. ఆమె ఆయన్ని పోల్చుకోలేదు. వేళ్ళు మాత్రం నున్నటి తాడు మీద తిరుగుతున్నాయి.

"నాయనా, కట్టానా, కట్టలేదా?"

ఔబళయ్య పక్కన కూర్చున్నాడు. "కట్టావమ్మా. అన్నీ కట్టావు. విప్పింది నేను."

వేళ్ళు ఆగాయి, మళ్ళీ కదల్లేదు. ఆమె విన్నదో లేదో ఎవరికీ తెలియదు.

ఔబళయ్య తిన్నగా సాల వెనక్కు పోయాడు. తాత పెట్టించిన తొట్లకు తనే గునపం వేశాడు. ఒకటి బోర్లించాడు, రెండోది బోర్లించాడు, మూడోది బోర్లించాడు. ఆ చప్పుడు విని పాళెగాడు వస్తే, చేసింది చేసినట్టు చెప్పాడు. "ముందు తాడు మళ్ళీ కట్టు, తరవాత నీ శిక్ష చూద్దాం" అన్నాడు పాళెగాడు.

కట్టబోతే ఆయనకు ఒక్క ముడీ గుర్తులేదు. తాడు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. "మా దొడ్లో కాకి రాలింది అట్లతద్ది తరవాత" అంది ఒక ఉప్పుమళ్ళ ఆడమనిషి. "మా గోధుమవన్నె గుర్రం తూలింది తీర్థం మర్నాడు" అన్నాడొక సాలవాడు. చచ్చినవాళ్ళ పేర్లు చెప్పి పేలికలిచ్చారు. తలా ఒక ముడీ వేస్తే పెంచలి తాడు తిరిగొచ్చింది. ఆ ఏటి నుంచి తెగులు పలచబడింది.

ఇప్పటికీ ఆ ఒడ్డున తొలి కాకి రాలిన రోజున పిల్లలు వీధి వెంట అరుస్తూ పోతారు: "పెంచలి చెప్పింది, బోర్లించండి!" ఇంటింటా తొట్లూ కుండలూ బోర్లిస్తారు, గుమ్మం తాడుకు ఒక ముడి వేస్తారు. ఒకరి మంచి చూసి ఓర్వలేనివాణ్ణి "ముడి విప్పేవాడు" అంటారు.

ముసలివాళ్ళు ఏదైనా మరిచి తడుముకుంటే మాత్రం అక్కడ ఎవరూ నవ్వరు. పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని ఈ మాట అంటారు: "నువ్వు కట్టావులే అవ్వా. ఎవరో విప్పి ఉంటారు."