దస్తగిరి తాత చెవుల్లో దూది

అక్కులప్పకు చెవులు మందగించినాయని లోకంలో ఒక్కరికీ తెలీదు. తెలిస్తే పరువేం కావాల? అందుకని ఎవరేమన్నా తల ఊపేస్తాండె. ఊపడంలో ఆయప్పను మించినోడు మా సీమలో పుట్టలేదు, పుట్టబోడు. అట్ల ఊపి ఊపి ఒక మేకను కొన్నాడు, ఒక పెండ్లికి వంట ఒప్పుకున్నాడు, తనకు తెలీకుండానే భజన గుంపుకు పెద్ద అయిపోయినాడు.

ఒక్కటే బాధ. ఏటేటా దస్తగిరి తాత ఉండే దర్గా నుంచి కొండుపల్లె ఉరుసుకు గంధం మోసుకుపోయేది అక్కులప్పే. పోయినేడు బస్సులో దిగాల్సిన ఊరు దాటిపోయింది. కండక్టరు అరిచింది ఇనపడలే. గంధం చేరేతలికి ఉరుసు అయిపోయి, పందిరి గుంజలు పీకుతాండారు.

"మోకాళ్ల నొప్పులు తాతా. ఈ ఏడు ఇంగొకరిని పంపు" అన్నాడు అక్కులప్ప, తన గురువు దస్తగిరి తాత ముందర చేతులు కట్టుకోని.

దస్తగిరి తాతంటే మామూలు మనిషా? తుమ్మితే గుత్తి కోట మీద గద్దలు లేస్తాండె. ఆయన శిష్యుణ్ణి పైనుంచి కిందిదాకా చూసినాడు. పెదాలు మెల్లగా ఆడినాయి.

"అట్లే తాతా, అట్లే" అని అక్కులప్ప తల ఊపినాడు.

తాత మీసాల్లో నవ్వుకున్నాడు. దిండు చింపి ఇంత దూది తీసి, రెండు చెవుల్లో కుక్కుకున్నాడు. గంధం చెంబు శిష్యుని చేతిలో పెట్టి, నేనూ వస్తా పా అని సైగ చేసినాడు.

బస్సులో కాలు పెట్టగానే తాత గొంతెత్తినాడు. ఆ అరుపుకు ఇంజను రెండుసార్లు ఆగి మల్లా స్టార్టయింది. అక్కులప్పక్కూడా ఇనపడిందంటే చూసుకోండి.

"అమ్మలారా, అయ్యలారా! నాకు చెవులు ఇనపడవు! కొండుపల్లె వస్తే తట్టి చెప్పండప్పా!"

అక్కులప్పకు నెత్తిన పిడుగు పడినట్లయింది. ఈ తాతెవరో తనకు తెలీనట్ల పోయి, వెనక సీట్లో ముడుచుకున్నాడు.

ఆడ ముందరేమో తాతకు పట్టాభిషేకం! డ్రైవరు పక్క సీటు ఖాళీ చేసి కూర్చోబెట్టినారు. ఒకామె దోసిట్లో బొరుగులు పోసె. ఇంగొకామె మొగానికి ఎదురుగా కూర్చోని, చేతులు తిప్పి తిప్పి ఇంటి కష్టమంతా చెప్పె. బస్సు ఆగినప్పుడల్లా జనమంతా తాత వీపు తట్టి, ఇది కాదు ఇది కాదు అని చెయ్యి ఆడించిరి. ఆఖరికి తాత హాయిగా నిద్రపోయె. ఆ గురక సంగతి వద్దులే, చెప్తే నమ్మరు.

వెనక అక్కులప్పకు ఒకటే చెమట. ఆగినప్పుడల్లా కిటికీలోంచి మెడ సాచి చూస్తాండాడు. పక్కనామె నవ్వతా ఏమో అడిగె. ఊపినాడు. ఒళ్లోకి కోడిపుంజు వచ్చె. ముందు సీటాయన తిరిగి ఏమో అడిగె. ఊపినాడు. సొరకాయల గంప వచ్చె.

కొండుపల్లె రానే వచ్చింది. పదిమంది తట్టి లేపి, తాతను పెండ్లికొడుకును దించినట్ల దించినారు. కండక్టరు వెనక్కి తిరిగి అక్కులప్పను ఏమో అడిగినాడు.

ఊపినాడు.

కింద సీటు అదిరింది. కిటికీలో తాత పచ్చ తలపాగా వెనక్కి జరిగిపోతాండాది. ఒళ్లో గంధం చెంబు, దాని మీద గంప, గంప మీద పుంజు. పోయినేడు పీకిన పందిరి గుంజలు కండ్ల ముందర నిలబడినాయి.

"ఆపండో! నాకు చెముడు! చెవులు ఇనపడవు నాకు!"

ఆ కేకకు పుంజు ఎగిరి డ్రైవరు నెత్తిన వాలింది. బ్రేకు పడింది. బస్సంతా ఒకటే నవ్వు. పక్కనామె ఆయన మొగం ముందరికొచ్చి, నోరంతా తెరిచి, "ఆ మాట ముందే చెప్పకూడదా మామా!" అనింది. ఒకరు గంప అందుకునిరి, ఒకరు చెంబు పట్టిరి, ఒకరు చెయ్యి పట్టి దించిరి. కండక్టరు ముందరి సీటు చూపించి, తిరుగుదారిలో ఇది నీదే అని వేలితో ఆయన రొమ్ము మీద పొడిచి మరీ చెప్పినాడు.

ఉరుసు డప్పులు కాళ్ల కింద నేలలో తెలుస్తాండాయి. ఇంగా టైముంది. తాత చెవుల్లో దూది తీసి, అరచేతుల మధ్య పెట్టి నులుముతా నిలబడినాడు.

"చెప్పినావా?" బస్సులో అరిచినంత గట్టిగా అడిగినాడు.

"చెప్పినా తాతా. అందరూ నవ్వినారు."

"నువ్వు?"

"నేనూ నవ్వినా."

తాత పెదాలు మెల్లగా ఆడినాయి. అక్కులప్ప తల అలవాటుగా కిందికి దిగింది. సగంలో ఆగిపోయింది.

"ఇనపడలే తాతా. మల్లా చెప్పు."

తాత పగలబడి నవ్వినాడు. ఎదురుగా వచ్చి నిలబడి, ఒక్కొక్క మాటా గట్టిగా అన్నాడు.

"నేనేమీ అనలేదురా! దర్గాలోనూ ఏమీ అనలేదు, ఈడా ఏమీ అనలేదు. ఉత్త పెదాలు ఆడించినా."

దూది వత్తి అయ్యింది. దాన్ని శిష్యుని చేతిలో పెట్టినాడు.

"పా, దీపం పెడదాం."

అక్కులప్ప తల ఊపినాడు. ఈ తూరి ఇనపడి.