వెనక్కి చూసే పోలయ్య

అనగనగా ఒక ఊళ్ళో, సముద్రం హోరు వినబడుతుంది గానీ నీళ్ళు కనబడవు, అంత దూరంలో, మగ్గం నేసే వీరేశం ఉండేవాడు. ఆయన కూతురు చౌడమ్మ పురిటికి పుట్టింటికొచ్చి ఆడపిల్లని కంది. ఊ కొడుతున్నావా? కొట్టాలి మరి.

పిల్లయితే పుట్టింది గానీ తల్లికి పాలు పడలేదు. మేకపాలలో గుడ్డపీలిక ముంచి నోట్లో పిండుతున్నారు. సగం కక్కేస్తోంది. మూడు రోజులు ఏడ్చింది. ఆ తర్వాత ఏడవడానికి కూడా ఓపిక లేక ఊరుకుంది.

అప్పుడు మంత్రసాని "బాలింతకి పాలసొర వండిపెట్టండి, పాలు పడతాయి" అంది. సొరంటే చేప. ఆ చేపని ఆ ఇంటి మగాడే తన చేత్తో నీళ్ళలోంచి లాగాలని ఆ ఊరి ఆనవాయితీ. కొనుక్కొస్తే పనికిరాదట. ఎందుకని నన్నడక్కు, నేను పెట్టింది కాదు.

వీరేశానికి సముద్రం తెలీదు. ఈత కూడా రాదు. అప్పుడాయన దారి తెలిసిన మనిషి కోసం జాలరి పాలేనికి వెళ్ళాడు.

మొదట నూకన్న కనబడ్డాడు. "సొర ఎక్కడుంటుంది?" అని అడిగాడు వీరేశం.

"నాను ఎల్తే సొరలే ఎదురొత్తాయి బాబూ" అన్నాడు నూకన్న మీసం దువ్వుకుంటూ.

ఆ తర్వాత దానయ్యని అడిగాడు. "నా తెప్ప సూడు, కొత్తది. ఇంకేటి కావాల?" అన్నాడు దానయ్య.

ఆ తర్వాత పోలయ్య. వల బాగుచేసుకుంటున్నాడు, తల కూడా ఎత్తలేదు. కాలి బొటనవేలితో ఇసకలో నిలువుగా గీత గీశాడు. "నీళ్ళ మీంచి సూత్తే ఆ తాడిసెట్టు కొండ ముక్కు మీదకి రావాల. ఇదో గీత." అడ్డంగా ఇంకోటి గీశాడు. "దీపస్తంభం సింతసెట్టు మీదకి రావాల. ఇదో గీత. రెండూ ఏడ కలుత్తాయో ఆడ నీటడుగున పెద్ద రాయుంది. సొర ఆ రాతికాడ తిరుగుతాది."

వీరేశం ఆ గీతలు చూశాడు. నిలువు పోగు పడుగు, అడ్డ పోగు పేక. పుట్టిన్నాటి నుంచీ తను చేస్తున్న పనే అది. "నువ్వే రా" అన్నాడు.

అప్పుడు ఇద్దరూ తెప్పెక్కారు. పోలయ్య ముందుకి చూడడే! తెడ్డేస్తూ ఒడ్డుకేసే చూస్తున్నాడు. తాడిచెట్టు జరిగి జరిగి కొండ దగ్గరికొస్తోంది. ఇంకాస్త పోతే రాయి. అంతలో మంచు దిగి కొండని మింగేసింది.

పోలయ్య తెప్ప వెనక్కి తిప్పాడు.

"ఇంత దూరం వచ్చాక వెనక్కా! నా మనవరాలు పోతుందయ్యా!" అన్నాడు వీరేశం.

"ఒక గీతే మిగిలింది బాబూ. ఒట్టి పడుగుతో నువ్వు గుడ్డ నేత్తావా?"

వీరేశం బతిమాలాడు. ఏడ్చాడు. నోటికొచ్చినట్టు తిట్టాడు. పోలయ్య ఒడ్డుకే తెడ్డేశాడు. పక్కనుంచి నూకన్న, దానయ్య కొత్త తెప్ప మీద నవ్వుకుంటూ ఆ మంచులోకే వెళ్ళారు. "రేపు వాళ్ళతోనే వెళ్తాను, నీ మొహం చూడను" అని ఒడ్డున దిగి వెళ్ళిపోయాడు వీరేశం. ఇంటికెళితే పిల్ల పిడికిలి చప్పరిస్తోంది. ఆయనకి అన్నం సయించలేదు.

మర్నాడు తెల్లారుతుండగా గుమ్మంలో పోలయ్య. ఎవరూ పిలవలేదు.

"ఎందుకొచ్చావు?" అన్నాడు వీరేశం.

"నిన్న తిరిగిపోదామన్నది నానే గదా బాబూ. మరి ఇయ్యాల పిలవాల్సింది నానే."

వీరేశం కండువా భుజాన వేసుకున్నాడు.

ఆకాశం తేటగా ఉంది. తాడిచెట్టు కొండ మీదకొచ్చింది, దీపస్తంభం చింతచెట్టు మీదకొచ్చింది. గాలం వేశారు, ఏమీ పడలేదు. మళ్ళీ వేశారు, వేలెడు చేప. మూడోసారి తాడు వీరేశం అరచేతులు కోసేసింది. వదలకుండా లాగాడు. పాలసొర!

వెల్లుల్లి దండిగా దంచి వేసి కూర వండారు. చౌడమ్మ ఒక పూట తింది. రెండో పూట తింది. మూడో పూటకి రవిక తడిసింది. పిల్ల తాగి తాగి, నోరు తెరుచుకునే నిద్రపోయింది. వీరేశం దొడ్లోకి వెళ్ళి ఒక్కడే ఏడ్చాడు.

నూకన్న, దానయ్య ఏమయ్యారంటావా? నాలుగో రోజున ఏ ఊరి ఒడ్డునో తేలి, నడుచుకుంటూ వచ్చారు. నూకన్న మీసం మాత్రం అలాగే ఉంది.

ఆ తర్వాత వీరేశం ఎర్ర తలపాగా ఒకటి నేసి పోలయ్యకిచ్చాడు. రోజూ సాయంత్రం మనవరాలిని భుజానెక్కించుకుని ఒడ్డుకి వెళ్ళి నిలబడేవాడు. దూరాన నీళ్ళ మీద ఎర్రచుక్క కనబడేదాకా ఉండి, కనబడ్డాక ఇంటికొచ్చి మగ్గం ఎక్కేవాడు.

సొర చట్టికి, తెప్ప ఒడ్డుకి,
కథ కంచికి, నువ్వు నిద్దరకి!