పెద్ద బిందె, పలచని కుదురు

పైడిరాజుకు ధ్యానం ఎంతకీ కుదరలేదు. చక్రాల మీద మాత్రం ఇట్టే కుదిరింది.

కొండమీది ఆశ్రమానికి ఒక పాత ఎస్‌యూవీ ఉంది. చుట్టుపక్కల గూడేల్లో ఎవరికి జబ్బు చేసినా ఆస్పత్రికి దింపేది, మళ్ళీ ఇంటికి చేర్చేది అదే. దాని టైర్లు అరిగి నున్నబడ్డాయి. సన్యాసం మీద మనసు పడకముందు పైడిరాజు టౌన్లో బండ్లు తోలినవాడు కదా అని, కొత్తవి ఎంచే పని గురువుగారు అతనికే అప్పజెప్పారు.

అతను టైర్లతో ఆగలేదు. చక్రాలే మార్చేద్దామన్నాడు. ఉన్నవి పదహారు అంగుళాలవి. షాపులో తళతళలాడే ఇరవై అంగుళాలవి చూసి, ఎవరికీ ఇవ్వొద్దని చెప్పి మరీ వచ్చాడు. ఆ సాయంత్రం జపంలో అతని ముఖం వెలిగిపోవడం చూసి, కొత్తగా వచ్చిన భక్తులిద్దరు సమాధి అనుకుని దండం పెట్టి వెళ్ళారు.

మర్నాడు బంగారమ్మను ఆస్పత్రి నుంచి తీసుకురావాలి. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన ముసలావిడ, ఆశ్రమం దాటాక వచ్చే గూడెంలో ఉంటుంది. దారిలో కుదుపు తగిలితే మళ్ళీ మొదటికొస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. కొండదారేమో గుంత లేనిచోట రాయి, రాయి లేనిచోట గుంత. ఆవిడను కొత్త చక్రాల మీద దర్జాగా తేవాలని పైడిరాజు తహతహ.

తెల్లారగానే, చక్రం అంత పెద్దదైతే బండి ఎత్తు పెరగదా అని గురువుగారు అడిగారు. ఈ ప్రశ్న కోసమే కాచుక్కూచున్నట్టు పైడిరాజు మొదలెట్టాడు. లోపలి లోహం ఎంత పెరిగితే చుట్టూ రబ్బరు అంత తగ్గుతుందట. వేగం చూపే మీటరు కూడా తప్పు చూపించదట.

"మొత్తం ఎత్తు అదే స్వామీ. తేడా రాదు."

"బాగుంది," అన్నారు గురువుగారు. "ముందు నీళ్ళు పట్రా. తరవాత షాపుకెళ్దువు గాని."

ఆశ్రమంలో కొళాయి ఉంది. అయినా వంటకు ఊటనీళ్ళే వాడతారు. వాటిని శిష్యులే నెత్తిన మోసుకు రావాలి. తలకీ బిందెకీ మధ్య చుట్టకుదురు ఉంటుంది, పాతగుడ్డను మెలితిప్పి చుట్టింది. పైడిరాజుది మరీ బొద్దుగా, పిల్లి ముడుచుకు పడుకున్నట్టు ఉండేది.

గురువుగారు అతని బిందెను ఆ కుదురు మీద నిలబెట్టారు. చేతికర్ర పక్కన ఆనించి, ఎంత ఎత్తుందో బొగ్గుతో గీత గీశారు. తరవాత సామాన్ల గదిలోంచి పొడుగాటి ఇత్తడి బిందె ఒకటి తెచ్చారు. చింతపండుతో తోమి ఉందేమో, బంగారంలా మెరుస్తోంది. దాని మూతి కూడా ఆ గీత దగ్గరే ఆగేదాకా కుదురు పొరలు ఒక్కొక్కటే విప్పుతూ పోయారు. చివరికి ఒక్క మడత గుడ్డ మిగిలింది.

తనకోసం ఇంత మంచి బిందె తీసినందుకు పైడిరాజు మురిసిపోయాడు. తోటి శిష్యుడు సన్యాసిరావు మాత్రం అన్నగారి ఊరేగింపుకు బాజాలేవీ అన్నాడు.

ఊట నుంచి పైకొచ్చే దారంతా రాళ్ళే. అడుగు పడ్డప్పుడల్లా ఇత్తడి నడినెత్తిన ఠంగుమంది. మెడ జివ్వుమంది. ఏ రాయి ఎంత ఎత్తుందో కాలి కంటే ముందు తలకే తెలిసింది. వంటింటి గుమ్మం చేరేసరికి ఒళ్ళు తడిసింది, కళ్ళు చెమర్చాయి, బిందెలో సగం నీళ్ళే ఉన్నాయి.

"నెత్తి పగిలిపోయింది స్వామీ," అన్నాడు బిందె దించుతూ.

గురువుగారు కర్ర తెచ్చి, బిందె కిందికి కుదురు తోసి, గీత సరిచూశారు.

"మొత్తం ఎత్తు అదే కదయ్యా."

పైడిరాజు తల తడుముకున్నాడు. తరవాత బిందెను మెల్లగా సామాన్ల గదిలో పెట్టి, విప్పిన గుడ్డ పొరలు ఏరుకుని, బండి తాళాలు తీసుకుని టౌనుకు దిగిపోయాడు.

ఆ సాయంత్రం ఎస్‌యూవీ కొండెక్కి వచ్చింది. ఆ పాత చిన్న చక్రాలే. వాటి చుట్టూ కొత్త టైర్లు, బురదలోంచి లేచిన గేదెల్లా నల్లగా, లావుగా. మెరుపు ఏదని సన్యాసిరావు అడగబోయాడు గాని, పైడిరాజు వేలు పెదాల మీద పెట్టి వెనక సీటు చూపించాడు.

గురువుగారు చక్రాల వైపు చూడనేలేదు. కిటికీలోంచి తొంగిచూశారు. బంగారమ్మ నోరు తెరుచుకుని గుర్రుపెడుతోంది.

"లేపకు," అన్నారు.