గడ్డి బెల్లం తులాభారం

ఒకానొక రాజ్యంలో భూరిశేఖరుడనే రాజు ఏటా తన పుట్టినరోజుకు బెల్లంతో తూగేవాడు. ఏటికేడు బరువెక్కేవాడు కూడా. తూచిన బెల్లమంతా కోటలోకి చేరేది, పండించిన రైతులు వట్టి చేతులతో ఇంటికి పోయేవారు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. చెరుకు నిలువునా ఎండింది. పశువులకు గడ్డి దొరకడమే గగనమైంది. ఆస్థాన చమత్కారి బొల్లనకు పేరమ్మ అని ఒక చెల్లెలు. మేత లేక ఆమె గేదె వట్టిపోయింది, ఆ పాల మీదే బతుకుతున్న పసిపిల్ల కన్నుమూసింది. బొల్లన మేనకోడల్ని తన చేతులతో మట్టిలో పెట్టి, కళ్లు తుడుచుకుని కొలువుకు వచ్చాడు.

అక్కడ రైతులు ఈసారికి బెల్లం మాఫీ చేయమని కాళ్లావేళ్లా పడుతున్నారు.

"చెరుకూ గడ్డి జాతేనని మా పండితులు సెలవిచ్చారు," అన్నాడు రాజు మీసం దువ్వుతూ. "చెరుకు లేకపోతే గడ్డితో వండండి. ఊళ్లలో మిగిలిన గడ్డంతా రేపే మా భటులు కోయిస్తారు."

ఆ గడ్డీ పోతే ఉన్న నాలుగు పశువులూ చస్తాయని బొల్లనకు తెలుసు. ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, తొలి వంట నేను చేస్తాను. తమరి బెల్లానికి ఊళ్లలో ఎండుగడ్డి ఏం బాగుంటుంది? ఏనుగుశాల మేత ఇప్పించండి."

రాజు పొంగిపోయి సరేనన్నాడు.

బొల్లన పెద్ద కాగుల్లో గడ్డి కుక్కి, నీళ్లు పోసి, ఆవిరి పోకుండా మూతలకు మట్టి మెత్తి, పీచు మెత్తబడేదాకా ఉడికించాడు. గోరువెచ్చగా ఆరాక మొలకెత్తిన రాగుల పిండి కలిపి నిలవ ఉంచితే నీళ్లకు కాస్త తీపి పట్టింది. వడకట్టి ఇగరబెట్టాడు. ఏనుగుశాలలో మేతంతా ఖాళీ అయ్యేసరికి దొప్పెడు పాకం మిగిలింది.

పుట్టినరోజున రాజు కూర్చోగానే త్రాసు తట్ట నేలకు ఆనింది. బొల్లన రెండో తట్టలో దొప్ప పెట్టాడు. త్రాసు కదల్లేదు. బయట పట్టపుటేనుగు ఆకలితో ఘీంకరిస్తోంది.

"ఇంతేనా?" అన్నాడు రాజు.

"ఏనుగుల మేతంతా ఇంతే ప్రభూ. దేశంలో గడ్డంతా వండినా తమరు జానెడు లేవరు. ఇక ఒక్కటే దారి. మా ఊళ్లవాళ్లు తినేదే తమరూ తినండి. వచ్చే ఏటికి ఈ దొప్పతోనే సరితూగుతారు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. సభంతా నవ్వింది. బొల్లన ఒక్కడే నవ్వలేదు.

"నీకేమైందయ్యా?"

"మా చెల్లెలి బిడ్డ అలాగే తేలికైపోయింది ప్రభూ. పాలు లేక పోయింది."

రాజు నవ్వు ఆగింది. మెల్లగా త్రాసు దిగాడు. బెల్లం మాఫీ చేసి, కోటలో గుర్రాలకు దాచిన గడ్డివాములు ఊళ్లకు పంపించాడు. బొల్లనకు బహుమానం ఇవ్వబోతే, అతను ఆ దొప్ప చాలన్నాడు.

అతను ఇంటికి తెచ్చిన దొప్పలోంచి పేరమ్మ వేలితో ఇంత పాకం తీసి నాలుక మీద వేసుకుంది.

"తియ్యగానే ఉందన్నా," అంది. "ఆ ఏనుగుల గడ్డి అప్పుడే మన గేదెకు వేసుంటే పాలిచ్చేది గదా."