గట్టు కాసిన గణపయ్యలు

అనగనగా ఒక ఊళ్ళో, వాగొడ్డు వీధిలో, పైడితల్లి అని ఒకావిడ ఉండేది. ఊఁ కొడుతున్నావా? నువ్వు ఊఁ కొట్టకపోతే కథ అక్కడే కూర్చుండిపోతుంది మరి.

ఏటా వినాయక చవితికి వీధంతటికీ బొమ్మలు ఆవిడే చేసేది. వాగు గట్టున బంకమట్టి వెన్నలా ఉండేది. గునపంతో తవ్వేది, తట్టకెత్తేది, నెత్తిన పెట్టుకొచ్చేది. అలా ఇరవై ఏళ్ళు ఒకే చోట తవ్వింది.

ఆ గట్టు లోపలే ఊరి మురుగునంతా మోసుకెళ్ళే పెద్ద గొట్టం ఉంది. గట్టు కింద ఇసకలో చెలమలు. వీధివాళ్ళు తాగేది ఆ చెలమ నీళ్ళే.

ఆ ఏడు ఆషాఢంలో వాగు ఒకసారి పొంగింది. గట్టు మీది గడ్డంతా కొట్టుకుపోయింది. ఆ తర్వాత శ్రావణంలో రెండోసారి పొంగింది. గట్టు కరిగి గొట్టం బయటపడింది.

అప్పుడు మురుగు పని చూసే అప్పలస్వామి పరుగున వచ్చాడు.

“అక్కా, ఇంకొక్క వరదొస్తే గొట్టం విరిగిపోద్ది. ఊరి మురుగంతా మన చెలమల్లోకే!”

“పాడు వాగు!” అంది పైడితల్లి.

“వాగునెందుకు తిడతావు? ఆ గుంట చూడు. అన్నీ నీ గునపం గుర్తులే.”

చూసింది. నిజమే, బంగారూ. దేవుడి కోసమని తీసిన మట్టే. ఆ పూటంతా అరుగు మీద ఆరుతున్న బొమ్మల వంక చూస్తూ కూర్చుంది. గణపయ్యే బుద్ధి పుట్టించాడేమో, లేచి ఇంటింటికీ వెళ్ళింది.

“పూజ అయ్యాక స్వామిని వాగులో కలపకండి. గట్టు గుంటలో కలుపుదాం.”

“ఏటే, పారే నీళ్ళలో కలపకపోతే పాపం కాదేటి?” అని పక్కింటి సన్యాసమ్మత్త చెంపలేసుకుంది.

“తీసినచోటే దించుతున్నాం, అత్తా. బిందెలతో నీళ్ళు పోద్దాం. పాపముంటే తవ్విన నాది.”

“అంతా నువ్వే మూటగట్టుకుంటే నేనూరుకుంటానా? నా బిందె పెద్దది, పద!”

ముందు అప్పలస్వామి గుంట అడుగున బండరాళ్ళు పేర్చాడు. ఆ తర్వాత మగవాళ్ళు మట్టి నింపిన గోనెసంచులు వేశారు. ఆ తర్వాత ఆడవాళ్ళు సంచుల నడుమ వావిలి కొమ్మలు పాతారు.

అప్పుడు మేళతాళాలతో గణపయ్యలొచ్చారు. బిందెలు వంచారు. తొండం కరిగి సంచుల సందులో దూరింది. చెవులు కరిగి రాళ్ళను అతుక్కున్నాయి. బొజ్జ కరిగి గొట్టాన్ని కప్పేసింది.

ఆశ్వయుజంలో వాగు మూడోసారి వచ్చింది, అన్నిటికన్నా పెద్దగా. పైడితల్లి వానలోనే నిలబడి దండం పెట్టింది. గట్టు మీది మట్టి కాస్త జారింది. కానీ అప్పటికే వావిలి వేళ్ళూనింది. రాళ్ళు కదల్లేదు. గొట్టం కనబడనే లేదు.

వరద తీశాక ఇసకలో కొత్త చెలమ తీశారు. తొలి దోసిలి పైడితల్లి పట్టింది. వాసన చూసింది. భయం భయంగా తాగింది.

“ఎలా ఉన్నాయే?” అంది సన్యాసమ్మత్త.

“కమ్మగా ఉన్నాయత్తా,” అని బావురుమంది పిచ్చితల్లి.

మరుసటేడు మట్టి దూరపు మెట్ట చేలోంచి మోసుకొచ్చింది. గట్టుకి మాత్రం పత్రి కోసం వెళ్ళింది. గణపయ్యలు కాసిన గట్టున కోసిన వావిలి ఆకుతోనే గణపయ్యకి పూజ చేసింది.

మట్టేమో గట్టుకి,
వాగేమో కడలికి,
కథేమో కంచికి,
బంగారేమో నా ఒడికి!