చిల్లికుండ ముందు ప్రసంగం

మెగిస్తస్ అనే గురువుకు ఒక అలవాటు ఉండేది. మెప్పు కోసం అడిగిన ప్రశ్నకు ఆయన నోటితో జవాబు చెప్పేవాడు కాదు.

ఆయన ఉన్నది ప్రాచీన ఏథెన్స్ నగరంలో. అక్కడ తత్త్వవేత్తలకూ రచయితలకూ కొదవ లేదు గాని, వకీళ్ళు మాత్రం లేరు. న్యాయసభలో ఎవరి గోడు వాళ్ళే చెప్పుకోవాలి. కాకపోతే ఆ మాటలు మరొకరి చేత రాయించుకుని బట్టీ పట్టవచ్చు. శిష్యుడు ఎర్గినస్ తన అన్న హెర్మోన్ కోసం అలాంటి ప్రసంగమే రాశాడు. దేవతకు చెందిన ఆలివ్ చెట్టును నరికాడని హెర్మోన్ మీద నేరం మోపారు. తెల్లవారితే విచారణ. ఓడిపోతే భార్యాబిడ్డలను వదిలి దేశం దాటాల్సిందే, ఇక తిరిగి రావడమన్నది ఉండదు.

"గురువుగారూ, ఇందులో తీసేయదగిన వాక్యం ఒక్కటైనా ఉందేమో చూడండి" అన్నాడు ఎర్గినస్, లేదనిపించుకోవాలన్న ఉబలాటంతో.

గురువు చూడలేదు. అడుగున చిన్న చిల్లి ఉన్న కుండ తెప్పించి నిండా నీళ్ళు పోశాడు. న్యాయసభలో గడువు కొలిచేది సరిగ్గా అంతటి కుండతోనే. నీళ్ళు అయిపోతే మాట్లాడేవాడు కూర్చోవలసిందే.

"నువ్వొద్దు. మీ అన్నను చెప్పనీ" అన్నాడు.

హెర్మోన్ నెమ్మదస్తుడు. ఒక్కో మాటా గుర్తు తెచ్చుకుంటూ మొదలుపెట్టాడు. నగరాన్ని పొగిడాడు, పూర్వులను పొగిడాడు, ఆలివ్ ఆకుల మీద వెన్నెల ఎలా పడుతుందో వర్ణించాడు. తన వాక్యాలు అన్న నోట వింటుంటే ఎర్గినస్‌కు ఒళ్ళు పులకరించింది. ఆ వెన్నెల ఇంకా ముగియనేలేదు, కుండలోంచి కారే ధార కాస్తా చుక్కలై ఆగిపోయింది. గురువు చెయ్యెత్తాడు.

హెర్మోన్ తెల్లబోయి తమ్ముడి వైపు తిరిగాడు.

"మరి ఆ చెట్టు గాలివానకే కూలిందని, నేను పొలం కొనేనాటికి అక్కడ మొద్దే మిగిలిందని ఎప్పుడు చెప్పనురా?"

ఆ మాట చిట్టచివర ఉంది. అక్కడైతే సభంతా చప్పట్లు కొడుతుందని ఎర్గినసే ఏరికోరి పెట్టాడు. సిగ్గుతో అన్న మొహం చూడలేకపోయాడు.

"నేను చదివి చూసుకున్నప్పుడు నీళ్ళు సరిపోయాయండీ" అని గొణిగాడు.

మెగిస్తస్ బిందె అందుకుని కుండ మళ్ళీ నింపసాగాడు.

"ఇక్కడైతే మళ్ళీ పోస్తాను నాయనా. రేపు అక్కడ పోయరు."