బొల్లిగాడి చప్పిడి కూర

ఒరే కిట్టూ, పొద్దుగూకేళ జిమ్మిగాడి గిన్నెలో కోడిపులుసు పోసింది నువ్వే గదా? తల తిప్పబాక. ఆ కుక్కపిల్ల పెరడంతా మూతి నేలకేసి రుద్దుకుంటా తిరిగింది. నేను చూళ్ళేదనుకున్నావా? ప్రేమతోనే పోశావులే, నాకు తెలుసు. సరే, ఇట్టా రండి. శిరీ, ఆ దుప్పటి ఇవతలికి లాగు. జిమ్మిగాణ్ణి నా కాళ్ళకాడ పడుకోబెట్టండి. ఇయ్యాల కథ వాడిదే. ఊ కొట్టాలి. ఊ కొట్టకపోతే సగంలో ఆపేస్తా, నా సంగతి మీకు తెలుసు.

అనగనగా ఒక ఊళ్ళో కాదు, ఊరికి పైన, కొండ మీద ఒక కోట. ఆ కోటకొక రాజు. పేరు వీరమల్లరాజు. మనిషి పొట్టి, గొంతు పెద్దది, మనసు వెన్న. అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఆయనకొక చాదస్తం పట్టుకుంది. ఉప్పు చాదస్తం.

ఎందుకు పట్టుకుందంటే, ఆయనకొక సేనాపతి ఉండేవాడంట. చిన్నప్పటినించీ పక్కపక్కనే కూచుని ఒకే వంట తిన్నోళ్ళు. ఆ సేనాపతి ఒకనాడు చెప్పాపెట్టకుండా పగరాజు కొలువుకి పోయి చేరాడంట. ఇంక రాజుకి ముద్ద దిగలేదు, నిద్ర పట్టలేదు. నా ఉప్పు తిన్నోడు నన్నెట్టా వదిలిపోయాడా అని కుమిలి కుమిలి, ఆఖరికి ఒక సంగతి కనిపెట్టాడంట. వాడు తిన్న ఉప్పు చాల్లేదు! ఇంకొంచెం ఎక్కువ తినుంటే పోయేవాడు కాదు!

నవ్వకండి. గుండె మండినోడికి ఏ ఆలోచనైనా సబబుగానే ఉంటది.

ఆ రోజునించీ కొలువులో చేరేవాడి నాలిక మీద రాజే తన చేత్తో ఉప్పురాయి పెట్టేవాడంట. వంటశాలలో ఏ కూర వండినా దోసిళ్ళతో ఉప్పు పోయించేవాడంట. బంట్లు ఉప్పు తిని బావికి పరిగెత్తారంట, బంట్లు తాగితే బావి ఇంకిందంట, బావి ఇంకితే చేద అడుగు తగిలిందంట, చేద అడుగు తగిలితే కప్ప బయటికొచ్చి, నా ఇల్లు తాగేసిందెవరయ్యా అని అడిగిందంట!

మా తోడికోడలు మంగతాయారు చేపల పులుసు అట్టాగే ఉండేది. అది తిన్ననాడు నీళ్ళబిందె పక్కన పెట్టుకుని పడుకునేదాన్ని. అట్టాంటి మనిషి పెళ్ళి పంక్తిలో అందరి ముందూ నా కూర చప్పగా ఉందన్నది. అనలేదని ఇప్పుడు బుకాయిస్తది. అన్నది. నా చెవులు బాగానే ఉన్నాయి. సరే, దాని ఊసు నాకెందుకు. ఊ కొడుతున్నారా?

ఆ రాజుకి వేటకుక్కలున్నాయి. వాటన్నిట్లో బొల్లిగాడంటే ఆయనకి పంచప్రాణాలు. ఒళ్ళంతా నలుపు, మొహాన తెల్లమచ్చ. పసిపిల్లగా వాననీళ్ళలో కొట్టుకుపోతంటే రాజే మోకాటిలోతు దిగి తీసి, తన పట్టు పైపంచెలో చుట్టి, గుండెకానించుకుని కోటకి తెచ్చాడంట. వాడు పెద్దయ్యాక రాజు గది గడపకి అడ్డంగా పడుకునేవాడు. అంత రాజూ, కాస్త జరగరా నాయనా అని బతిమాలుకుని దాటేవాడంట.

మరి చాదస్తం ముదిరితే ఊరుకుంటదా? మనుషులకే విశ్వాసం చాలకపోతే కుక్కలకి చాలుద్దా అన్నాడంట రాజు. నేను తినే కూరే నా కుక్కలు తినాలి, అదే ఉప్పు, అదే కారం, అదే మసాలా, అని చాటింపు వేయించాడంట. ప్రేమతోనే. నీలాగే కిట్టూ, ప్రేమతోనే.

కోటలో కుక్కలకి వండిపెట్టే ఆమె పేరంటాలు. ఆమె అత్తా అదే పని చేసింది, ఆ అత్తకి అత్తా అదే పని చేసింది. గట్టి మనిషి. పొయ్యి దగ్గరికి చీమని కూడా రానివ్వదు. వంటన్నాక అట్టాగే ఉండాలి. రాజు చెప్పినట్టే మాంసంలో ఉల్లిపాయలు వేసింది, వెల్లుల్లి దంచి వేసింది, కారం పోసింది, ఉప్పు దోసిలితో పోసింది. కుక్కలు తిన్నాయి. తిని నీళ్ళకి పడ్డాయి. బొచ్చు ఊడింది, కడుపులు చెడ్డాయి. బొల్లిగాడైతే లేవలేకపోయాడు. తిన్నది కక్కుకుని, మూతి కాళ్ళ మధ్య పెట్టుకుని, గడప మీదికి పోయే ఓపిక లేక కుక్కల కొట్టంలోనే మూలపడ్డాడు.

రాజు వచ్చి చూశాడంట. వాడి పక్కనే చతికిలబడ్డాడు. ఆ దిగులు కోపంగా మారి, బొల్లిగాడు నాకు దక్కకపోతే మీ ఇంటిల్లిపాదినీ కొండ దింపేస్తానని పేరంటాలు మీద అరిచాడంట. పోతా పోతా ఇంకో మాట అన్నాడు. ఏమన్నాడో చెప్పండి? ఉప్పు ఇంకో దోసిలి పెంచమన్నాడు!

పేరంటాలుకి కొత్త కోడలొచ్చింది అప్పుడే. నాంచారు. మేకల మందలోళ్ళ పిల్ల. పుట్టింట్లో కుక్కల మధ్యే దోగాడింది. ఆ పిల్ల మెల్లిగా అత్త పక్కన చేరిందంట.

"అత్తా, మనిషికి జొరమొస్తే ఏం పెడతావు?"

"చప్పిడి పథ్యం పెడతా. అదీ తెలియదా మీ మందలోళ్ళకి?"

"మరి బొల్లిగాడికి?"

"రాజుగారు చెప్పింది పెడతా. మా అత్తకి ఇన్ని ప్రశ్నలేసుంటే అట్లకాడతో వాతపెట్టేది. పో, పేడ ఎత్తు."

ఆ పిల్ల పేడ ఎత్తింది. ఎత్తతానే ఆలోచించింది. బావి ఇంకిపోయింది గదా, నీళ్ళకి పేరంటాలు కొండ దిగి వాగు దాకా పోవాలి. ఆమె కడవ చంకనేసుకుని అటు పోగానే, ఈ పిల్ల కొంగు బిగించి, తలుపు గడియేసి, పొయ్యి ముట్టించిందంట.

అప్పుడు ఉప్పొచ్చి తలుపు కొట్టింది. నేను లేంది వంటేంది అన్నదంట. ఇయ్యాల నీకు పని లేదు, పోయి ఊరగాయ జాడీలో కూచో అన్నదంట నాంచారు. కారమొచ్చి కొట్టింది. నేను లేంది రుచేంది అన్నదంట. నీకూ పని లేదు, పోయి రాజుగారి మూతి మంటపెట్టు అన్నది. ఉల్లిపాయొచ్చింది. కుక్క కడుపుకి నువ్వు విషానివి పొమ్మన్నది. ఉల్లిపాయ ఏడుసుకుంటా పోయింది. వెల్లుల్లి వచ్చింది. నువ్వు దాని చెల్లెలివేగా, పొమ్మన్నది. నూనొచ్చింది, జారుకుంటా పోయింది. ఆఖరికి ఎముకొచ్చింది. నన్నైనా రానివ్వమ్మా, కుక్కకీ నాకూ చుట్టరికం అన్నదంట. పచ్చిగా ఉన్నప్పుడు నీ సంగతేమో గానీ, ఉడికితే సూదుల్లాగా చీలి పేగులో దిగుతావు, నువ్వసలే వద్దు పో అన్నదంట!

మరి లోపలికి ఎవరొచ్చారు? మాంసమొచ్చింది. నీళ్ళొచ్చినయి. సన్నసెగ వచ్చింది. ఓపిక వచ్చి పీట వేసుకుని కూచుంది. అంతే.

చేసే పద్ధతి చెప్తా వినండి, రేపు మీకే పనికొస్తది. మేకమాంసంలో కొవ్వు కోసేసిందంట. ఎముక తీసేసిందంట. ఉత్త కండ, వేలి గోరంత ముక్కలు చేసి, మునిగేదాకా నీళ్ళు పోసి, సన్నసెగన పెట్టింది. పైన తేలిన నురగ తీసింది. మూరెడు మంట పెట్టి గబగబా దించలేదు, వేలితో నొక్కితే విడిపోయేదాకా ఉడకనిచ్చింది. అందులోనే ఇంత అన్నం మెత్తగా పిసికి, ఇంత గుమ్మడిముక్క ఉడికించి కలిపింది. మణికట్టు మీద చుక్క వేసుకుని చూసింది. కాలితే ఆగింది. మళ్ళీ వేసుకుంది. చుక్క పడ్డట్టు కూడా తెలియనప్పుడు, ఆఁ, ఇప్పుడు పెట్టొచ్చు అనుకుంది.

బొల్లిగాడు మొహం తిప్పుకున్నాడంట. గిన్నె చూస్తేనే భయం వాడికి. ఆ పిల్ల గిన్నె దూరంగా జరిపి, ఒక్క ముక్క అరచేతిలో పెట్టుకుని, పలకరించకుండా పక్కన కూచుందంట. వాడు చూశాడు. వాసన చూశాడు. నాలిక చాపి ఒక్కసారి నాకాడు. అదీ మొదలు.

రోజూ అత్త వాగుకి, కోడలు పొయ్యికి. అత్త వండిన కూర పెంటకుప్పలోకి, కోడలు వండిన కూర బొల్లిగాడి కడుపులోకి, మిగతా కుక్కల కడుపుల్లోకి. వాడి కంట్లో కళ వచ్చింది. తోక కదిలింది. లేచి నాలుగడుగులు వేశాడు. ఆ కబురు రాజుకి పోయింది. రాజేమన్నాడు? చూశారా ఉప్పు మహిమ అని, పేరంటాలుకి వెండి కడెం తొడిగాడంట!

పేరంటాలు ఆ కడెం అందరికీ కనపడేట్టు చెయ్యి ఊపుకుంటా తిరిగింది. తిరిగి తిరిగి ఒకనాడు పెంటకుప్ప దగ్గర ఆగింది. చూస్తే, తను వండిన కూరంతా అక్కడే ఉంది. ఇంక అగ్గి మీద గుగ్గిలమే. నా వంట పారబోశావంటే, నా అత్తని పారబోసినట్టే, అని తిట్టుకుంటా కొట్టంలోకి దూకింది. దూకి నిలబడిపోయింది. బొల్లిగాడు నాంచారు ఒళ్ళో తలపెట్టుకుని, అరచేతిలో కూర తింటన్నాడు. తింటా తింటా పేరంటాలు వంక చూసి తోక ఊపాడంట. ఇన్నాళ్ళూ నాకు కడుపునొప్పి పెట్టావే అన్న కోపం వాడికెక్కడా లేదు. మనుషులకైతే ఉంటది. నాకుంటది.

పేరంటాలు కొంగు నడుముకి దోపుకుందంట. పీట వాల్చుకుని కూచుని, కడెం పైకి తోసుకుని, మర్నాటి మాంసంలో ఎముకలు ఏరడం మొదలుపెట్టింది. అత్త క్షమాపణ అట్టాగే ఉంటది, నోటితో రాదు.

అంతా బాగుందనుకునే ఏళకి రాజు వచ్చాడు. మిట్టమధ్యాహ్నం. బొల్లిగాడికి తన చేత్తోనే ఇంకింత ఉప్పు కలిపి పెడదామని వచ్చి, కుండలో వేలు ముంచి నాలిక మీద వేసుకున్నాడంట. చప్పన!

"ఎవరు? నా బొల్లిగాడి కూట్లో నా ఉప్పు తీసేసిందెవరు? వీణ్ణి కూడా నాకు కాకుండా చేస్తారా?"

"నేనే దొరా," అన్నది పేరంటాలు.

"కాదు దొరా, నేను," అన్నది నాంచారు.

"నోర్ముయ్యవే, పెద్దదాన్ని నేను మాట్లాడతంటే," అన్నది పేరంటాలు.

రాజు ఇద్దర్నీ కొండ దిగమన్నాడంట. నాంచారు మొగుడు మూట నెత్తినెత్తుకున్నాడు, అత్త కడవ, కోడలు కుండ. దిగతా దిగతా వెనక్కి తిరిగి చూసుకున్నారు. ఇల్లు పోయిందని కాదు. రేపు బొల్లిగాడికి ఏం పెడతారో అని.

ఇక్కడ రాజు బొల్లిగాణ్ణి ఎత్తుకుని తన గదికి తీసుకుపోయాడు. తన కంచంలో కూర, ఉప్పుది, కారంది, ముద్ద చేసి మూతి ముందు పెట్టాడంట. బొల్లిగాడు వాసన చూశాడు. వెనక్కి జరిగాడు. రాజు మొహంలోకి చూశాడు. ఆ మొహంలో ఏం కనపడిందో ఏమో, మళ్ళీ ముందుకొచ్చి, రాజు చేతిలో ముద్ద మెల్లిగా తిన్నాడంట. చేటని తెలుసు. తెలిసే తిన్నాడు. రెండో ముద్ద పెడితే అదీ తిన్నాడు. కాసేపటికి అంతా కక్కుకుని, పక్కకి తూలి, పడబోయి కూడా పాకుతా వచ్చి, రాజు పాదం మీద తల పెట్టి పడుకున్నాడంట.

ఏరా కిట్టూ, ఊ ఆగిపోయింది? ఏడవబాక. నీకు తెలియక పోశావు. రాజుకీ తెలియదు. తెలిశాక ఏం చేశాడన్నదే లెక్క. ఊ కొట్టు.

తెలిశాక రాజు లేచాడంట. చెప్పుల్లేవు, తలపాగా లేదు. కొండ మెట్ల మీద పరుగు, రాజు వెనక బంట్లు, బంట్ల వెనక కుక్కలు. వాగు దగ్గర పట్టుకున్నాడు నాంచారుని.

"అమ్మా, తిన్నాడమ్మా! నేను పెట్టానని తిన్నాడు. రా తల్లీ, వాణ్ణి బతికించు."

పేరంటాలు మూతి ముడుచుకుంది గానీ, కడవ మాత్రం ముందే కొండవైపు తిప్పింది. నాంచారు పోయి ముందు నీళ్ళు చుక్క చుక్క తాగించి, కడుపు తేలికపడ్డాక పొయ్యి ముట్టించిందంట. ఈసారి పొయ్యి ఊదింది ఎవరనుకున్నారు? రాజు! బూడిద మొహానికి కొట్టుకుని ఆయనా బొల్లిగాడిలాగే అయ్యాడు, మొహాన తెల్లమచ్చతో. కూర దించగానే ఆత్రంగా గిన్నె పట్టుకున్నాడంట. ఆరనివ్వండి దొరా, అని నాంచారు గిన్నె లాక్కుంది. రాజు మణికట్టు మీద చుక్క వేసింది. కాలిందన్నాడు. అయితే కూచోండి అన్నది. రాజు కూచున్నాడు.

కూచుని, గొంతు తగ్గించి అడిగాడంట.

"అమ్మా, ఉప్పు లేకుండా వీడికింత విశ్వాసం ఎక్కణ్ణించి వచ్చింది?"

"దొరా, వాననీళ్ళల్లోంచి తీసి పైపంచెలో చుట్టుకొచ్చారంట గదా. ఆ రోజు ఏం ఉప్పు పెట్టారు?"

రాజు గిన్నె ఆరిందాకా బొల్లిగాడి తల నిమురుతా కూచున్నాడంట.

బొల్లిగాడు మెల్లిగా కోలుకున్నాడు. కోలుకుని గడప మీద అడ్డంగా పడుకున్నాడు. కోటలో ఉప్పు తగ్గింది, ఉప్పు తగ్గితే దాహం తగ్గింది, దాహం తగ్గితే బావి ఊరింది, బావి ఊరితే కప్ప ఇంటికొచ్చింది. కొలువులో చేరేవాళ్ళకి రాజు ఉప్పురాయి పెట్టడం మానేసి, ఎండన పడొచ్చావు కూచో నాయనా అని చేతికి మజ్జిగ ముంత ఇచ్చేవాడంట. ఇంకెవరూ ఆయన్ని వదిలిపోలేదు. నాంచారు, పేరంటాలు ఒకే పొయ్యి దగ్గర రెండు పీటలు వేసుకున్నారు. వెండి కడెం మాత్రం పేరంటాలు తిరిగి ఇవ్వలేదు. ఎందుకిస్తది? ఎముకలేరింది గదా.

విన్నారా? రేపటినించీ మాంసం పొయ్యెక్కగానే, ఉప్పూ ఉల్లిపాయా పడకముందే, జిమ్మిగాడి వాటా వేరే గిన్నెలోకి తీయాలి. ముందు వాడిది, ఆ తర్వాతే మన రుచులు. ప్రేమంటే మనకి నచ్చింది పెట్టడం కాదురా, వాడికి పడేది పెట్టడం. కిట్టూ, ఎముకలేరే పని నీది. చుక్క వేసుకుని చూసే పని శిరిది. చప్పగా ఉందని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపండి. మంగతాయారైనా సరే.

కథ కంచి బాట పట్టింది. బొల్లిగాడు గడప మీదికి పోయాడు. జిమ్మిగాడు చూడండి, కిట్టూగాడి చంకలో దూరి అప్పుడే గుర్రు పెడతన్నాడు. కదలబాకరా నాయనా, వాణ్ణి లేపుతావు.